ఇంట్లో మూడు కుక్కలున్నాయి, నెమ్మదైన షెల్టర్ కుక్కని ఫాస్టర్‌కి తెచ్చుకోవచ్చా?

మూడుతోకలు:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇప్పటికే ముగ్గురున్నారు. బంటికి పన్నెండేళ్ళు, కీళ్ళనొప్పులు, రోజులో ఎక్కువసేపు పడుకునే ఉంటాడు. చుక్కికి ఆరేళ్ళు, గిన్నె దగ్గర తప్ప ఇంకెక్కడా పేచీ పెట్టదు. గుండుగాడికి రెండేళ్ళు నిండలేదు, ఎవరు కనిపించినా ఆటకి పిలుస్తాడు, వద్దంటే వినడు. ముగ్గురికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు అయిపోయాయి, టీకాలు ఎప్పటికప్పుడు వేయిస్తున్నాం.

షెల్టర్ వాళ్ళు ఒక ఆడకుక్కని కొన్నాళ్ళు మా ఇంట్లో ఫాస్టర్‌గా, అంటే దత్తత కుదిరేదాకా, ఉంచుకోమని అడుగుతున్నారు. పేరు మల్లి. మిక్స్‌డ్ బ్రీడ్. పళ్ళు చూసి నాలుగైదేళ్ళు ఉంటాయన్నారు. వెళ్ళి చూశాను. బోనులో వెనక మూలకి ఒదిగి కూర్చుంది. నేను లోపలికి వెళ్ళి, దాని వైపు చూడకుండా పక్కకి తిరిగి నేలమీద కూర్చున్నాను. చాలాసేపటికి లేచి వచ్చి నా మోచేతిని ముక్కుతో ఒకసారి తాకి మళ్ళీ తన మూలకి వెళ్ళిపోయింది. మనుషులు వస్తే పక్క బోనుల్లో కుక్కలన్నీ కమ్మీల మీదకి దూకుతాయి, ఇది మాత్రం వెనక్కి జరుగుతుంది. అందుకే దత్తతకి వచ్చేవాళ్ళ కంట పడడం లేదట.

"చాలా నెమ్మది, ఎవర్నీ ఏమీ అనదు, మీవాటితో ఇట్టే కలిసిపోతుంది" అన్నారు. నాకు తీసుకురావాలనే ఉంది. కానీ మూడు కుక్కల మధ్య కొత్త ప్రాణిని ఎలా కలపాలో, ఎంత సమయం ఇవ్వాలో, బంటికి ఇబ్బంది కాకుండా ఎలా చూడాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

నిమ్మళం:

తీసుకురండి. కానీ ఎవర్నీ ఏమీ అనదని విని నిశ్చింతగా ఉండకండి. చాలాకాలంగా ఫాస్టర్ చేస్తున్నాను. దూకుడు కుక్కలూ వచ్చాయి, ఇలాంటివీ వచ్చాయి. నన్నడిగితే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాల్సింది ఇలాంటివాటినే.

దూకుడు కుక్క తనకి కష్టమైతే గుర్రుమంటుంది, పళ్ళు చూపిస్తుంది. మనం వెంటనే లేచి ఏదో ఒకటి చేస్తాం. నెమ్మదైన కుక్క ఊరుకుంటుంది. తన పరుపు మీద ఇంకొకటి పడుకుంటే లేచి వెళ్ళి ఉత్త గచ్చు మీద పడుకుంటుంది. గిన్నె దగ్గరికి ఎవరైనా వస్తే తిండి వదిలేసి పక్కకి తప్పుకుంటుంది. గొడవ లేదు కదా అని ఇంట్లోవాళ్ళు చక్కగా కలిసిపోయిందనుకుంటారు. కొన్నాళ్ళకి చూస్తే అది చిక్కిపోయి ఉంటుంది, నిద్ర చాలక ఏ చిన్న చప్పుడుకైనా ఉలిక్కిపడుతుంటుంది.

కాబట్టి అది అడగకపోయినా దాని వాటా దానికి దక్కేలా మీరే చూడాలి. దాని తిండి, దాని పడక, మీతో దానికంటూ కాసేపు, మిగతా ముగ్గురూ రాలేని ఒక చోటు. మిగతాదంతా దీని తర్వాతే.

ఇంకోటి. షెల్టర్‌లో మూలకి ఒదిగి కూర్చున్న కుక్క నిజంగా నెమ్మదైనదో, భయంతో బిగుసుకుపోయిందో అక్కడ తేలదు. ఫాస్టర్లు సాధారణంగా చెప్పుకునే లెక్క ఒకటుంది: బెదురు కాస్త తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి 3 వారాలు, ఇది నా ఇల్లే అనిపించడానికి 3 నెలలు. ఇది ఉజ్జాయింపు మాత్రమే, ఒక్కో కుక్క ఒక్కోలా ఉంటుంది. కానీ మొదటి వారంలో చూసిన స్వభావాన్నే దాని స్వభావమని ఖాయం చేసుకోకూడదని చెప్పడానికి బాగా పనికొస్తుంది.

స్టెతస్కోప్:

కుక్కల స్నేహాల సంగతి తర్వాత, ముందు ఆరోగ్యం. నేను పశువైద్యంలో ఉన్నాను కాబట్టి ఈ విషయంలో కాస్త గట్టిగానే చెబుతాను.

మొదటి రెండు వారాలు మల్లిని వేరే గదిలో ఉంచండి. పార్వో (పేగులకి వచ్చే ప్రమాదకరమైన వైరస్ జబ్బు) లక్షణాలు సాధారణంగా వైరస్ సోకిన 3 నుంచి 7 రోజుల్లో బయటపడతాయి, ఒక్కోసారి రెండు వారాలు కూడా పడుతుంది. కెన్నెల్ కాఫ్ (అంటుకునే దగ్గు జబ్బు) కూడా సుమారు అంతే. డిస్టెంపర్‌కి (ఇదీ వైరస్ జబ్బే) ఇంకాస్త ఎక్కువ పట్టవచ్చు. ఇంటికి వచ్చిన రోజు చలాకీగా ఉందంటే ఏ జబ్బూ లేదని కాదు. మీ ముగ్గురికీ టీకాలు పడ్డాయి కాబట్టి పార్వో, డిస్టెంపర్ భయం తక్కువే. కానీ కెన్నెల్ కాఫ్ టీకా వేసినా కొన్నిసార్లు వస్తుంది, గాలి ద్వారా కూడా పాకుతుంది. బంటి వయసుకి దగ్గు తగులుకుంటే తేలిగ్గా తగ్గదు.

మల్లి గిన్నెలు, దుప్పట్లు, లీష్ అన్నీ వేరుగా ఉంచండి. ముందు మీవాటి పనులు చేసుకుని, చివర్లో దాని గదికి వెళ్ళండి. చెప్పులు కూడా ఆ గదికి వేరుగా పెట్టుకుంటే మంచిది. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్ వాసనకి చావదు. మలం పూర్తిగా ఎత్తేసి, సబ్బుతో కడిగి, ఒక వంతు బ్లీచ్‌కి ముప్ఫై వంతుల నీళ్ళు కలిపి పోసి పది నిమిషాలు తడిగా వదిలేయాలి. మట్టి, మలం ఉండగా పైన బ్లీచ్ పోస్తే లాభం లేదు.

మలపరీక్ష చేయించండి, డీవార్మింగ్ (కడుపులో పురుగుల మందు) ఒక్క డోసుతో ఆపకండి. పిడుదుల మందు మల్లికి ఒక్కదానికే కాదు, నలుగురికీ ఒకేసారి పడాలి. కుక్కల మీద ఉండే గోధుమరంగు పిడుదు ఇంట్లోనే, గోడ పగుళ్ళలో గుడ్లు పెట్టి పెరగగలదు. ఒక్క ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది. టిక్ ఫీవర్ సాధారణంగా కుక్క నుంచి కుక్కకి నేరుగా అంటుకోదు, ఎక్కువగా పిడుదు ద్వారానే వస్తుంది. అందుకని ముందు పిడుదుని లోపలికి రానివ్వకండి.

వెంట్రుకలు గుండ్రంగా ఊడిన మచ్చ ఎక్కడైనా కనిపిస్తే గజ్జి అనుకుని వదిలేయకండి. అది రింగ్‌వార్మ్ (తామర) కావచ్చు, మనుషులకీ అంటుతుంది.

గేటుదగ్గర:

అందరూ తీసుకురమ్మంటున్నారు కాబట్టి రెండోవైపు నేను చెబుతాను. బంటికి పన్నెండేళ్ళు, నొప్పులున్నాయి. తన ఇంట్లో ప్రశాంతంగా పడుకునే హక్కు వాడికి ఉంది. నొప్పి ఉన్న ముసలి కుక్కని ఎవరైనా తగిలితే కరిచే అవకాశం ఎక్కువ. అది వాడి చెడ్డతనం కాదు, నొప్పి. మల్లి మీద జాలి నాకూ ఉంది. కానీ ఉన్నవాళ్ళ తర్వాతే వచ్చేవాళ్ళు. ఒకవేళ కుదరకపోతే మల్లిని వెనక్కి తీసుకుంటారా, ఎన్నాళ్ళలో తీసుకుంటారు, ఇది షెల్టర్‌ని అడిగారా?

మూడుతోకలు:

మీరు అడిగింది న్యాయమే. బంటికి పడకగది ఉంది, అక్కడికి మిగతా ఇద్దరిని కూడా వాడి ఇష్టం లేకుండా రానివ్వం. కుదరకపోతే ఏం చేస్తారని షెల్టర్‌ని ఇంకా అడగలేదు, అడుగుతాను.

ఆదివారంవాలంటీర్:

నేను ఒక షెల్టర్‌లో పనిచేస్తాను (మీరు చెప్పినది కాదు). అడగాల్సినవి చెబుతాను, అన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. వైద్యం ఖర్చు ఎవరిది, అర్ధరాత్రి ప్రాణాపాయం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ పరిస్థితుల్లో ఎవరి అనుమతీ లేకుండా మీరు నేరుగా వైద్యుడి దగ్గరికి వెళ్ళొచ్చు, కుదరకపోతే వెనక్కి ఎన్ని రోజుల్లో తీసుకుంటారు, దత్తత ఎవరికివ్వాలన్న నిర్ణయంలో మీ మాటకి ఎంత విలువ ఉంటుంది. ఫాస్టర్‌లో ఉన్న కుక్క చట్టప్రకారం సాధారణంగా షెల్టర్‌దే. పెద్ద వైద్యం చేయించాలన్నా, ఎవరికైనా ఇవ్వాలన్నా వాళ్ళని అడగాల్సిందే.

షెల్టర్ కుక్క కొన్నాళ్ళు ఇంట్లో ఉండడం వల్ల లాభమేంటని కొందరు అడుగుతుంటారు. అమెరికాలో ఐదు షెల్టర్లలో కుక్కల్ని ఒకటి రెండు రాత్రులు ఇళ్ళకి పంపి, వాటి మూత్రంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొలిచిన అధ్యయనం 2019లో వచ్చింది. ఇంట్లో ఉన్న రోజుల్లో ఒత్తిడి హార్మోను తగ్గింది, ఎక్కువసేపు విశ్రాంతి తీసుకున్నాయి. మళ్ళీ షెల్టర్‌కి వెళ్ళాక కార్టిసాల్ మునుపటి స్థాయికే వచ్చింది తప్ప ఇంకా పైకి పోలేదు. రెండు రాత్రులకే అంత తేడా ఉంటే, మల్లి లాంటిదానికి కొన్ని వారాల నిద్ర ఎంత మేలు చేస్తుందో ఆలోచించండి. మా దగ్గర రాత్రంతా ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి మొరుగుతూనే ఉంటుంది.

వానచినుకు:

మల్లి ఏ జాతుల మిక్స్ అయి ఉంటుంది? అది తెలిస్తే స్వభావం ముందే అంచనా వేయొచ్చు కదా.

నిమ్మళం:

వేయలేం. చూపుతో జాతిని గుర్తుపట్టడంలో అలవాటున్నవాళ్ళు కూడా తరచుగా పొరబడతారు. పైగా జాతి తెలిసినా పెద్దగా ఒరిగేది లేదు. 2022లో సైన్స్ పత్రికలో పద్దెనిమిది వేలకి పైగా కుక్కల మీద వచ్చిన పరిశోధనలో, ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతం దాకానే అని తేలింది. మిగతాదంతా పెంపకం, అనుభవం, ఆ కుక్క ప్రత్యేకత. వచ్చిన కుక్కని చూసి తెలుసుకోవడమే దారి.

పాతకాపు:

ఇన్ని జాగ్రత్తలు అవసరమా అండీ? మా ఇంట్లో ఎప్పుడూ నాలుగైదు కుక్కలు ఉంటాయి. కొత్తది రాగానే అందరినీ ఒకేసారి పెరట్లో వదిలేస్తాం. కాసేపు అరుచుకుంటాయి, ఎవరు పెద్దో తేల్చుకుంటాయి, సాయంత్రానికి సర్దుకుంటాయి. మనుషులు మధ్యలో దూరితేనే గొడవలు.

అడుగుజాడ:

పాతకాపు గారూ, మీకు అలా జరిగి ఉండొచ్చు, కాదనను. కానీ మల్లి లాంటి కుక్క విషయంలో తేల్చుకోవడమంటే ఏం జరుగుతుందో చూడండి. ముగ్గురు ఒకేసారి మీద పడి వాసన చూస్తారు. అది తోక కడుపు కిందకి దాచి వెల్లకిలా పడిపోతుంది. గొడవ జరగదు. మనం సర్దుకున్నాయనుకుంటాం. దానికి మాత్రం ఈ ఇంట్లో తప్పించుకునే దారి లేదని మొదటి గంటలోనే తెలిసిపోతుంది.

ఎవరు పెద్దో పోరాడి తేల్చుకుంటాయన్న భావన చాలావరకు తోడేళ్ళ నుంచి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు జూలో బంధించి ఉంచిన తోడేళ్ళని చూసి రాసిన విషయాలు అవి. తర్వాత డేవిడ్ మెక్ అనే ఇంకో పరిశోధకుడు అడవిలో తోడేళ్ళని ఏళ్ళ తరబడి గమనించి, అక్కడ మంద అంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమే అని 1999లో రాశారు. ఒకదానికొకటి పరిచయం లేని జంతువుల్ని ఒకే చోట బంధిస్తే కొట్టుకుంటాయి. అది వాటి సహజ పద్ధతి అనుకోవడానికి లేదు.

మూడుతోకలు గారూ, రెండు వారాల విడి గడువు అయ్యాక ఇలా చేయండి. ఆ గడువులోనే వాసన పరిచయం మొదలుపెట్టొచ్చు, వైద్యులు సరేనన్నాక మల్లి దుప్పటి వీళ్ళకి, వీళ్ళది మల్లికి మార్చి వేయండి. తర్వాత మూసిన తలుపుకి చెరోవైపు, ఆ తర్వాత బేబీ గేట్‌కి (గుమ్మానికి అడ్డంగా పెట్టే చిన్న గేటు) చెరోవైపు. మొదటి ముఖాముఖి ఇంట్లో వద్దు, బయట ఎవరిదీ కాని చోట. ఇద్దరు మనుషులు, ఇద్దరు కుక్కలు, మధ్యలో బాగా దూరం వదిలి ఒకే దిశలో నడవడం. ఎదురెదురుగా తీసుకురావద్దు. కుక్కలకి సూటిగా ఎదురు రావడమే బెదిరింపు. నడుస్తూ నడుస్తూ రెండూ నేల వాసన చూసుకుంటూ, ఒళ్ళు వదులుగా ఉంటే దూరం కాస్త తగ్గించండి. లీష్ బిగించి పట్టుకోవద్దు, అది బిగిస్తే కుక్క కూడా బిగుసుకుంటుంది. వాసన చూసుకోవడం మూడు సెకన్లు, పిలిచి నాలుగడుగులు నడిపించడం, మళ్ళీ మూడు సెకన్లు.

ఒక్కొక్కరినే కలపండి. ముందు బంటి, వాడు పట్టించుకోడు కాబట్టి. తర్వాత చుక్కి. గుండుగాడు అందరికంటే చివర, అదీ బాగా పరిగెత్తించి అలిసిపోయాక.

ఇంకో జాగ్రత్త. కొత్తగా వచ్చిన భయస్తురాలు మెడపట్టీలోంచి వెనక్కి జారి పారిపోవడం చాలా మామూలు. మొదటి నెల హార్నెస్‌కి (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ) ఒక లీష్, మెడపట్టీకి ఇంకో లీష్. ఇంట్లో ఉన్నా, పెరట్లో ఉన్నా మీ ఫోన్ నంబరు బిళ్ళ మెడలో ఉండాలి. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే ఎవరి పేరు మీద ఉందో కూడా కనుక్కోండి.

పాతకాపు:

తోడేళ్ళ సంగతి నాకు తెలియదు. నడిపించే పద్ధతి బాగుంది, ఈసారి చేసి చూస్తాను.

మూడుతోకలు:

మల్లి వచ్చేసింది. షెల్టర్ వాళ్ళు అన్నీ రాసిచ్చారు. కుదరకపోతే వారంలో వెనక్కి తీసుకుంటామన్నారు. వెనక గది దానికి ఇచ్చాం, తలుపు తీసి ఉంచిన క్రేట్ (పడుకోవడానికి పెట్టే చిన్న బోను) మీద దుప్పటి కప్పాం. వచ్చినప్పటి నుంచి క్రేట్‌లోనే. నీళ్ళు తాగుతోంది, తిండి మాత్రం మేం నిద్రపోయాకే తింటోంది. పొద్దున చూస్తే గిన్నె ఖాళీ.

నిన్న ఒక విషయం గమనించాను. సాయంత్రం మొదటిసారి నా ముందు తినడం మొదలుపెట్టింది. నేను కదలకుండా కూర్చున్నాను. తలుపు అవతల గచ్చు మీద గుండుగాడి గోళ్ళ చప్పుడు టకటకమని వినబడింది. వాడు తలుపు గీరలేదు, మొరగలేదు, ఊరికే అటూ ఇటూ నడిచాడు. మల్లి నోట్లో ఉన్న ముద్ద కూడా నమలడం ఆపేసింది. చెవులు వెనక్కి పెట్టి తలుపు వైపే చూసింది. ఆ చప్పుడు వంటగది వైపు వెళ్ళిపోయాక నోట్లోది కింద పెట్టేసి క్రేట్‌లోకి వెళ్ళింది. మళ్ళీ తినలేదు.

నిమ్మళం:

చూశారా, గుర్రుమనలేదు, ఏమీ అనలేదు. మీరు అక్కడ కూర్చుని చూడకపోయి ఉంటే తిండి సరిగ్గా తినడం లేదని మాత్రమే తెలిసేది, కారణం తెలిసేది కాదు.

మల్లి తినే పూట గుండుగాడిని ఎవరైనా బయట నడకకి తీసుకెళ్ళండి. ఆ పావుగంట ఆ తలుపు దగ్గర ఏ కుక్కా తిరగకూడదు. కొన్నాళ్ళు ఇలా సాగితే తినే వేళకి ఎవరూ రారని దానికి నమ్మకం కుదురుతుంది. తర్వాత కలిసిపోయినా సరే, నలుగురికీ తిండి నాలుగు చోట్ల, తలుపులు మూసే. తినడం అయిపోగానే గిన్నెలు ఎత్తేయండి, ఖాళీ గిన్నె కోసం కూడా కొట్టుకుంటాయి. మీ చుక్కికి గిన్నె పేచీ ఉందన్నారు, ఇది మర్చిపోవద్దు.

స్టెతస్కోప్:

కొత్త చోట మొదటి రోజు తినకపోవడం మామూలే. రెండు రోజులు పూర్తిగా ముట్టకపోతే మాత్రం వైద్యుడికి చూపించాలి, వాంతులు విరేచనాలు తోడైతే అంతసేపు కూడా ఆగొద్దు. నెమ్మదైన కుక్క నొప్పిని కూడా దాచుకుంటుంది, అందుకని చూపుతో కాక కొలిచి తెలుసుకోండి. బాగా నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి, ముప్ఫై లోపు ఉండాలి. మలద్వారంలో థర్మామీటరుతో చూస్తే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మధ్య మామూలు. చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాలి. వారానికోసారి బరువు రాసుకోండి. అంకె తగ్గుతుంటే మిగతా అన్నీ బాగున్నట్టు కనిపించినా ఏదో ఉన్నట్టే.

మూడుతోకలు:

మలపరీక్షలో కొంకిపురుగులు (పేగుల్లో ఉండే పురుగులు) ఉన్నాయన్నారు, మందు మొదలైంది. రక్తపరీక్షలో టిక్ ఫీవర్ లేదు. దగ్గు లేదు. విడి గడువు అయిపోయింది, బయట నడకలు మొదలుపెట్టాం.

బంటితో ఏ ఇబ్బందీ లేదు. వాడు ముందు నడుస్తుంటే ఇది వెనక వాసన చూసుకుంటూ వస్తోంది, వాడు ఆగితే ఆగుతోంది. చుక్కి కూడా పర్వాలేదు. గుండుగాడితోనే ఏదీ తేల్చుకోలేకపోతున్నాను. నిన్న పెరట్లో లీష్‌తోనే కలిపాం. వాడు ముందుకాళ్ళు వంచి ఆటకి పిలిచాడు. మల్లి వెల్లకిలా పడుకుంది. వాడు పైన నిలబడి మెడ దగ్గర నోటితో ఆడుతున్నాడు. అది ఏమీ అనలేదు. ఆడుకుంటున్నాయని ఇంట్లోవాళ్ళకి ఒకటే సంబరం. నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది.

అడుగుజాడ:

మీకు అనిపించింది నిజమేనేమో. తెలుసుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. గుండుగాడిని పట్టుకుని రెండడుగులు వెనక్కి తీసుకెళ్ళి ఆగండి. మల్లికి ఆట ఇష్టమైతే లేచి తనే వాడి దగ్గరికి వస్తుంది. ఇష్టం లేకపోతే లేచి ఒళ్ళు దులుపుకుని దూరంగా పోతుంది, లేదా మీ కాళ్ళ వెనక చేరుతుంది. అది పోతే ఆ రోజుకి అంతే, మళ్ళీ కలపొద్దు.

వెల్లకిలా పడుకోవడమంతా ఆట కాదు. ఆటలో ఒళ్ళు వదులుగా ఉంటుంది, కాళ్ళు ఆడిస్తుంది, నోరు తెరుచుకుని ఉంటుంది, మధ్యమధ్య పాత్రలు మారతాయి, కిందున్నది పైకొస్తుంది. భయంలో ఒళ్ళు కట్టెలా ఉంటుంది, నోరు మూసి ఉంటుంది, కళ్ళలో తెల్లభాగం కనిపిస్తుంది, తోక కాళ్ళ మధ్య ఉంటుంది. నిద్ర రాకుండానే ఆవలించడం, తిండి లేకుండానే పెదవులు నాక్కోవడం, తల పక్కకి తిప్పుకోవడం, ఇవన్నీ దాని భాషలో ఇక చాలు అనడమే.

మూడుతోకలు:

చేసి చూశాను. గుండుగాడిని వెనక్కి తీయగానే లేచి, తలనుంచి తోకదాకా దులుపుకుని, నా కాళ్ళ వెనక్కి వచ్చేసింది. నోరు మూసే ఉంది. ఇంట్లోవాళ్ళందరినీ పిలిచి చూపించాను. ఇప్పుడు ఎవరూ ఆట అనడం లేదు.

గేటుదగ్గర:

మీరిలా చూసుకుంటున్నారని తెలిసి సంతోషంగా ఉంది. బంటి ఎలా ఉన్నాడు?

మూడుతోకలు:

బాగున్నాడండీ. వాడి గదిలోకి మల్లి గుమ్మం దాకా వచ్చి ఆగుతుంది, వాడు తల ఎత్తి చూసి మళ్ళీ పడుకుంటే అప్పుడు లోపలికి వస్తుంది. మా గుండుగాడికి ఇన్నాళ్ళయినా ఆ మర్యాద రాలేదు.

మూడుతోకలు:

కాస్త టెన్షన్‌గా రాస్తున్నాను. ఈరోజు మల్లి గుండుగాడి మీద గుర్రుమంది. ఇన్నాళ్ళలో ఇదే మొదటిసారి దాని గొంతు వినడం. పొద్దున వైద్యుడి దగ్గర సూది, మధ్యాహ్నం చుట్టాలు, వాళ్ళ పిల్లలు. సాయంత్రం హాల్లో పరుపు మీద పడుకుని ఉంటే గుండుగాడు వెళ్ళి ముక్కుతో పొడిచాడు. పైపెదవి కొద్దిగా ఎత్తి లోగొంతుతో గుర్రుమంది. వాడు ఆగిపోయాడు. మా ఇంట్లో ఒకరు "ఏయ్!" అని మల్లిని గద్దించబోతే నేను ఆపాను. ఇప్పుడు ఏం చేయాలి? నెమ్మదైనదని చెప్పిన కుక్క ఇలా మారుతోందా?

నిమ్మళం:

ఆపి చాలా మంచి పని చేశారు! నాకైతే ఇది చదివి కళ్ళు చెమర్చాయి. అది మారిపోలేదు. వద్దని చెబితే వినేవాళ్ళున్నారని ఇప్పుడే నమ్మకం కుదిరింది. షెల్టర్‌లో ఆ మాట వినేవాళ్ళు లేరు కాబట్టి చెప్పడం మానేసింది. కరవలేదు, మీదకి వెళ్ళలేదు, కావలసినంత మాత్రమే చెప్పింది.

గుర్రుమన్నందుకు గద్దిస్తే గుర్రుమనడం ఆపేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. తర్వాత ఒకరోజు హెచ్చరిక లేకుండా కరుస్తుంది. అప్పుడు నెమ్మదైన కుక్క ఉన్నట్టుండి కరిచిందంటారు.

అడుగుజాడ:

నిమ్మళం గారి మాటే నాదీ. ఆ రోజు ఎందుకలా జరిగిందో మీరే రాశారు. సూది, చుట్టాలు, పిల్లలు, ఆ తర్వాత గుండుగాడు. చుక్కచుక్కగా నిండిన చెంబు ఆఖరి చుక్కకి పొర్లినట్టే. విడివిడిగా ఏదొచ్చినా అది ఊరుకునేదే. ఆసుపత్రికి వెళ్ళొచ్చిన రోజు దాన్ని ఎవరితోనూ కలపకండి, దాని గదిలో నమలడానికి ఏదైనా ఇచ్చి తలుపు వేయండి.

గుండుగాడు ఆగిపోయాడు కదా, వాడిని అప్పుడే పిలిచి మెచ్చుకుని ఉండాల్సింది అని అనను, ఇకమీదట అలా చేయండి చాలు. వాడికీ ఇది పాఠమే. పడుకున్న కుక్క దగ్గరికి వెళ్ళబోతే పేరు పెట్టి పిలిచి, వస్తే తినడానికి ఇవ్వండి. కొన్నాళ్ళకి వాడే మీ వైపు తిరుగుతాడు. హాల్లో ఉన్నంతసేపు వాడికి తేలికైన లీష్ వేలాడేసి ఉంచితే మీదపడి మెడ పట్టుకుని లాగే అవసరం రాదు. ఎవరూ చూడని వేళ ఇద్దరినీ ఒకే గదిలో వదలకండి. గుమ్మాలు, మెట్లు, సోఫా పక్క ఇరుకు, మీరు బయటినుంచి వచ్చి తలుపు తీసే క్షణం, ఎక్కువ గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

ఒకవేళ ఎప్పుడైనా నిజంగా కొట్టుకుంటే మధ్యలో చేయి పెట్టొద్దు. పెద్ద చప్పుడు చేయండి, పరుపో అట్టముక్కో మధ్యలో దూర్చండి, నీళ్ళు కొట్టండి.

వానచినుకు:

అడగొచ్చో లేదో తెలియదు. ఇంత దగ్గరయ్యాక మల్లిని మీరే ఉంచేసుకోవచ్చు కదా?

మూడుతోకలు:

ఇంట్లో రోజూ ఇదే చర్చ. నాకు దాన్ని పంపాలంటే గుండె బరువెక్కుతుంది. కానీ రోజంతా దాన్ని గమనిస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. బంటితో ఒక్కదాన్నే ఉంచినప్పుడు కాళ్ళు చాపి, పక్కకి ఒరిగి, గురకపెట్టి నిద్రపోతుంది. గుండుగాడు ఇంట్లో ఉంటే ముడుచుకుని, గడ్డం పాదాల మీద పెట్టి, కళ్ళు సగం తెరిచి పడుకుంటుంది. రెండింట్లో దానికి ఏ ఇల్లు కావాలో అదే చూపిస్తోంది. గుండుగాడు నెమ్మదించడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళు దాన్ని సగం నిద్రలో ఉంచడం నాకు ఇష్టం లేదు.

ఆదివారంవాలంటీర్:

ఇలా ఆలోచించే ఫాస్టర్లు మాకు దొరికితే అంతకంటే ఏం కావాలి. మీరు ఇప్పుడు రాసింది బోనులో ఏళ్ళు చూసినా మేం తెలుసుకోలేం. దత్తత ప్రకటన మీరే రాయండి. "చాలా మంచిది, అందరితో కలిసిపోతుంది" అని మాత్రం రాయకండి, అన్ని కుక్కలకీ అదే రాస్తారు. మీరు చూసినదే రాయండి. దానికి సరిపడనిది కూడా దాచకుండా రాయండి, అప్పుడే వెనక్కి రాకుండా ఉంటుంది.

మూడుతోకలు:

ఇలా రాశాను, చూసి చెప్పండి.

"మల్లి, సుమారు ఐదేళ్ళ ఆడకుక్క, మిక్స్‌డ్ బ్రీడ్. ఆపరేషన్ అయింది, టీకాలు పడ్డాయి. కొత్తవాళ్ళ దగ్గరికి వెంటనే రాదు. మీరు నేలమీద పక్కకి తిరిగి కూర్చుంటే తనే వస్తుంది. వచ్చాక మోకాలికి ఆనుకుని గంటలు కూర్చుంటుంది. చెవుల వెనక గోకడం ఇష్టం, తలమీద పైనుంచి చేయి వేయడం ఇష్టం ఉండదు. లీష్ లాగదు. మలమూత్రాలకి బయటికే వెళ్తుంది, ఇంట్లో పాడు చేయదు. రెండు మూడు గంటలు ఒంటరిగా ఉండగలదు. నెమ్మదైన పెద్ద కుక్క తోడుంటే ధైర్యంగా ఉంటుంది. మీదపడి ఆడే కుర్ర కుక్క ఉన్న ఇల్లు దీనికి సరిపోదు. వద్దనుకుంటే తల తిప్పుకుంటుంది, అప్పటికీ వినకపోతే చిన్నగా గుర్రుమంటుంది, ఎప్పుడూ కరవలేదు. తినేటప్పుడు ఒంటరిగా వదలాలి."

నిమ్మళం:

ఒక్క మాట కూడా తీయకండి. పిల్లల సంగతి చేర్చండి, అందరూ ముందు అదే అడుగుతారు.

మూడుతోకలు:

చేర్చాను: "పెద్ద పిల్లలు పర్వాలేదు. పరిగెత్తే చిన్నపిల్లలుంటే వేరే గదికి వెళ్ళిపోతుంది, వెళ్ళడానికి గది ఉండాలి." ప్రకటన పెట్టగానే ఒక కుటుంబం అడిగింది. వాళ్ళింట్లో తొమ్మిదేళ్ళ కుక్క ఒకటుంది, చిన్నపిల్లలు లేరు. శనివారం వస్తామంటున్నారు. మల్లి బెదరకుండా ఉంటుందని బంటిని కూడా తోడు తీసుకెళ్ళనా?

అడుగుజాడ:

వద్దు. బంటి ఉంటే మల్లి వాడి వెనకే నడుస్తుంది, వాళ్ళ కుక్కతో ఎలా ఉంటుందో తెలియదు. ఒక్కదాన్నే తీసుకెళ్ళండి, మీ ఇంట్లో కాకుండా బయట కలవండి. ముందు రెండు కుక్కల్నీ దూరంగా పక్కపక్కన నడిపించండి, మీవాటితో చేసినట్టే. వాళ్ళు చేయి చాపి పిలవొద్దని ముందే ఫోన్‌లో చెప్పండి. లీష్‌లు రెండూ వేయండి. మొదటిరోజే పంపించేయాలని లేదు, రెండోసారి కూడా కలవమనండి.

స్టెతస్కోప్:

కొంకిపురుగులకి తర్వాతి డోసు ఎప్పుడో, పిడుదుల మందు ఎప్పుడు వేశారో, వారం వారం బరువు ఎంతుందో అన్నీ ఒక కాగితం మీద రాసి వాళ్ళకి ఇవ్వండి. వాళ్ళ కుక్క టీకాలు ఎప్పుడు పడ్డాయో మీరూ అడిగి తెలుసుకోండి. తిండి ఒక్కసారిగా మార్చకుండా, మీరు పెట్టేదే ఒక వారానికి సరిపడా కట్టి పంపండి. కొత్తది అందులో రోజూ కొంచెం కొంచెంగా కలుపుకుంటారు.